డిగ్రీ తర్వాత కొలువుపై నమ్మకం: జహీరాబాద్ ప్రాంత విద్యార్థులు

పట్టా చేతికొచ్చాక తగిన కొలువు దొరుకుతుందన్న ధీమా విద్యార్థిలో ఎంత ఉంది, అది దేని మీద నిలబడింది అన్న ప్రశ్నను విద్యాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, శ్రామిక అర్థశాస్త్రం మూడూ పట్టించుకుంటాయి. నైపుణ్యం ఉండటం వేరు, ఉద్యోగం రావడం వేరు, వస్తుందని నమ్మడం వేరు. ఈ తేడాను గమనించడానికి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ అనువైన చోటు. పట్టణంలో విశ్వవిద్యాలయం లేదు, ఉస్మానియా పట్టా కోసం చదివే పిల్లలు మాత్రం ఉన్నారు. ఊరి వాకిట్లోనే ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. పక్క మండలాల్లో వేల ఎకరాల పారిశ్రామిక మండలి ప్రకటన ఉంది. హైదరాబాద్ సుమారు నూరు కిలోమీటర్లు, కర్ణాటకలోని బీదర్ ముప్పై కిలోమీటర్లు. అవకాశాలు ఇంత దగ్గర్లో కనిపిస్తున్నా ఇక్కడి డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది చూపు సర్కారు నోటిఫికేషన్ మీదే ఉంటుంది. దానికి కారణాలు కొంత ఈ ప్రాంత చరిత్రలో, కొంత పరిశ్రమలు మనుషుల్ని తీసుకునే పద్ధతిలో దొరుకుతాయి.

భావన

తన శక్తి మీద తనకుండే నమ్మకం మనిషి ప్రయత్నాన్ని ఎలా నడిపిస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో సిద్ధాంతీకరించాడు. గెలుస్తానని నమ్మినవాడు ఎక్కువసేపు పట్టు వదలడు, నమ్మనివాడు మొదటి దెబ్బకే వెనుదిరుగుతాడు అన్నది దాని సారాంశం. లెంట్, బ్రౌన్, హ్యాకెట్ 1994లో ఈ ఆలోచనను వృత్తి ఎంపికకు వర్తింపజేశారు. విద్యార్థుల ఉద్యోగ విశ్వాసాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళిని ఆండ్రూ రాత్‌వెల్, ఆయన సహచరులు 2008లో రూపొందించారు. విద్యార్థికి తన మీద ఉన్న నమ్మకం, తన విశ్వవిద్యాలయానికి ఉన్న పేరు, తను చదివే సబ్జెక్టుకు ఉన్న గిరాకీ, బయటి ఉద్యోగ విపణి స్థితి అనే నాలుగు వైపుల నుంచి అది ధీమాను తడిమి చూస్తుంది.

ఈ విభజన వల్ల ఒక మేలుంది. నమ్మకం తగ్గిందంటే లోపం విద్యార్థి మనసులోనే ఉందని తేల్చేసే తొందర తగ్గుతుంది. చిన్న పట్టణపు కళాశాలలో వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు ఎన్ని ఏర్పాటు చేసినా, మిగిలిన మూడు వైపుల నుంచి వచ్చే సంకేతాలు మారకపోతే ఆ ధీమా మరుసటి వారానికి నిలవదు. మరోవైపు, మంచి తమకే జరుగుతుందని, చెడు పక్కవారికి జరుగుతుందని విద్యార్థులు అనుకునే తీరును మనస్తత్వవేత్త నీల్ వైన్‌స్టీన్ 1980లోనే చూపించాడు. కాబట్టి ధీమా ఎక్కువగా ఉండటం దానంతట అదే మంచి లక్షణమేమీ కాదు. అది వాస్తవానికి ఎంత దగ్గరగా ఉందన్నదే చూడాలి.

ప్రాంతం, చదువులు

జహీరాబాద్ 1956 దాకా బీదర్ జిల్లాలోని తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నారాయణఖేడ్‌తో పాటు మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాలో భాగమైంది. 2011 జనాభా లెక్కల్లో పట్టణ జనాభా డెబ్బై వేలు దాటింది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ బజారులో వినిపిస్తాయి. చుట్టుపక్కల చెరకు, అల్లం, ఆలుగడ్డ, పప్పుధాన్యాలు పండుతాయి. 65వ నంబరు జాతీయ రహదారి, వికారాబాద్–పర్లి రైలు మార్గం ఊరిని రెండు వైపుల ప్రపంచానికి కలుపుతున్నాయి.

ఇక్కడి ప్రభుత్వ, ప్రైవేటు డిగ్రీ కళాశాలలు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. 2016 నుంచి ప్రవేశాలు ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. రాష్ట్రవ్యాప్తంగా డిగ్రీ సీట్లు పెద్ద సంఖ్యలో ఖాళీగా మిగలడం ఏటా వచ్చే వార్తే. అంటే మామూలు డిగ్రీలో చేరడానికి పోటీ లేదు, బయటికొచ్చాకే పోటీ మొదలవుతుంది. ఇంజినీరింగ్‌లో ఆ వడపోత ముందే కొంత జరుగుతుంది. జహీరాబాద్ నుంచి ఇంజినీరింగ్‌కు వెళ్లే పిల్లలకు సుల్తాన్‌పూర్‌లోని జేఎన్‌టీయూ కళాశాల, రుద్రారంలోని గీతం, హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. కందిలో ఐఐటీ ఉంది కాని, అది జిల్లాలో ఉన్నంత మాత్రాన జిల్లా పిల్లలకు దగ్గరైనట్టు కాదు. దాని ప్రవేశ పరీక్ష దేశమంతటికీ ఒక్కటే.

పైన చెప్పిన నాలుగు వైపుల్లో రెండోది, అంటే కళాశాల పేరు, ఇక్కడ విచిత్రంగా పనిచేస్తుంది. పట్టా మీద ఉస్మానియా ముద్ర ఉంటుంది, ఆ ముద్రకు వందేళ్ల గౌరవం ఉంది. కాని ఇంటర్వ్యూ గదిలో మొదటి ప్రశ్న “ఏ కాలేజీ?” అనే వస్తుంది. క్యాంపస్ నియామకాలకు కంపెనీలు జిల్లా పట్టణపు బీఏ, బీకాం తరగతుల దాకా రావడం అరుదు. విశ్వవిద్యాలయం పేరు ఇచ్చిన ధైర్యాన్ని కళాశాల ఊరు కొంత తీసేసుకుంటుంది.

పరిశ్రమల వాగ్దానం

జహీరాబాద్‌కు పరిశ్రమ కొత్త కాదు. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి 1980లలో ఇక్కడ తేలికపాటి వాణిజ్య వాహనాల తయారీ మొదలుపెట్టింది. ఆ దశాబ్దం చివరికి అది మహీంద్రా చేతికి వచ్చింది. 2010ల తొలినాళ్లలో అదే సంస్థ భారీ ట్రాక్టర్ల కర్మాగారాన్ని తెరిచింది. 2023 ఫిబ్రవరిలో విద్యుత్ వాహనాల విస్తరణకు వెయ్యి కోట్ల రూపాయల పెట్టుబడి ఒప్పందం కుదిరింది. హైదరాబాద్ వైపు రహదారి వెంట వెళితే సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్ల కర్మాగారం వస్తుంది. ఆ తర్వాత ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, భానూరులోని భారత్ డైనమిక్స్, పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు, రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్. నూరు కిలోమీటర్ల దారిలో ఇన్ని కర్మాగారాలున్న పట్టణాలు తెలంగాణలో ఎక్కువ లేవు.

వీటన్నిటినీ మించినది జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి, వాడుకలో ‘నిమ్జ్’. 2011 జాతీయ తయారీ విధానం 2022 నాటికి దేశంలో పది కోట్ల కొత్త ఉద్యోగాలు సృష్టించాలని లక్ష్యం పెట్టుకుంది. దాని కింద ఏర్పాటయ్యే ఒక్కో మండలికి కనీసం 5,000 హెక్టార్ల భూమి ఉండాలంది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల్లో 12,635 ఎకరాలతో ప్రతిపాదించిన జహీరాబాద్ నిమ్జ్ ఆ కనీస పరిమితిని కొద్దిగా దాటుతుంది. 2016 జనవరిలో కేంద్రం తుది ఆమోదం ఇచ్చింది. అప్పట్లో చెప్పిన అంచనా ప్రకారం ప్రత్యక్షంగా, పరోక్షంగా 2.77 లక్షల మందికి ఉపాధి దొరకాలి. 2022 జూన్‌లో ఝరాసంగం మండలం ఎల్గోయిలో 511 ఎకరాల్లో వెమ్ టెక్నాలజీస్ రక్షణ పరికరాల పరిశ్రమకు శంకుస్థాపన జరిగింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాలకు ఆమోదం తెలిపినప్పుడు అందులో జహీరాబాద్ కూడా ఉంది. మొదటి దశకు 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు, 1.74 లక్షల మందికి ఉపాధి అని లెక్క చెప్పారు.

ఈ అంకెలు విద్యార్థుల ధీమా మీద పనిచేసే తీరు ఆలోచించదగ్గది. 2011లో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు క్రమం తప్పకుండా చదివితే డిగ్రీ పూర్తయ్యేది 2026లో. అంటే ఒక తరం మొత్తం ‘వచ్చే పరిశ్రమ’ మాట వింటూనే బడి, ఇంటర్, డిగ్రీ దాటింది. మొదట్లో ఆశ పెంచిన ప్రకటన, ఏళ్లు గడిచేకొద్దీ పట్టించుకోని వార్త అవుతుంది. జేమీ క్రాస్ అనే మానవశాస్త్రవేత్త విశాఖపట్నం ప్రాంతపు ప్రత్యేక ఆర్థిక మండళ్ల మీద 2014లో వెలువరించిన ‘డ్రీమ్ జోన్స్’ పుస్తకంలో ఇలాంటి మండళ్లు సరుకుల కన్నా ముందు ఆశలను ఉత్పత్తి చేస్తాయని వాదించాడు. జహీరాబాద్‌కూ ఆ మాట చెల్లుతుంది. కాకపోతే ఇక్కడ ఆశ, భయం రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. భూమి ఇచ్చిన కుటుంబపు పిల్లవాడే పరిశ్రమలో కొలువు అడిగేవాడు. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం ప్రాజెక్టులో ఉద్యోగాలు ఏర్పడితే ప్రభావిత కుటుంబానికి ఒక ఉద్యోగం, లేదా ఏకమొత్తంగా ఐదు లక్షల రూపాయలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు రెండు వేలకు తగ్గని భృతి ఎంచుకునే వీలు ఉండాలి. పరిశ్రమ ఎప్పుడొస్తుందో తెలియని చోట చాలా కుటుంబాలకు ఉద్యోగం కన్నా డబ్బే గట్టి మాటగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అసలు ఇబ్బంది పరిశ్రమ రావడం, రాకపోవడం కన్నా లోతైనది. వచ్చిన పరిశ్రమ ఎవరిని తీసుకుంటుంది? ట్రాక్టర్ల తయారీలో యంత్రాల దగ్గర నిలబడేది ఐటీఐ, పాలిటెక్నిక్ చదివినవారు. డిజైన్, నాణ్యత, నిర్వహణ విభాగాలకు ఇంజినీర్లు కావాలి. మిగిలిన పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు కూలీల ద్వారా సాగుతుంది. బీఏ, బీకాం, బీఎస్సీ చదివినవారికి ఈ మూడింటి మధ్య చోటు ఇరుకు. ఐటీఐ చేసిన తమ్ముడికి పని దొరికి, డిగ్రీ చేసిన అన్న ఇంట్లోనే ఉండే పరిస్థితి పారిశ్రామిక పట్టణాల్లో వింతేమీ కాదు. డిగ్రీ చదివిన పిల్లవాడు కాంట్రాక్టు పనికి వెళ్లడాన్ని ఇంటివారు చదువు వృథా కావడంగా చూస్తారు. పని మీద భయమూ ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. అలాంటి వార్త అదే దారిలో పని వెతికే కుటుంబం నిర్ణయాన్ని మార్చకుండా ఉండదు.

సర్కారు కొలువు

హైదరాబాద్ సంస్థానంలో చదువుకు, సర్కారు నౌకరీకి ఉన్న బంధం పాతది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో సంస్థాన పాలనకు ఉద్యోగుల్ని తయారుచేసింది. ఉద్యోగాలు స్థానికులకే దక్కాలన్న ముల్కీ నిబంధనలూ ఆ కాలానివే. వాటి ఉల్లంఘన మీద 1952లో విద్యార్థులు వీధికెక్కారు. 1969 తెలంగాణ ఉద్యమానికి, 1973 ఆరు సూత్రాల పథకానికి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుకు, 1985 నాటి జీవో 610కి మూలం ఉద్యోగాల్లో వాటానే. మలిదశ తెలంగాణ ఉద్యమం ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అని మూడు మాటల్లో తన కోరికను చెప్పుకుంది. ఇంత చరిత్ర ఉన్నచోట సర్కారు కొలువు జీతం మాత్రమే కాదు, హక్కు కూడా. అందుకే దాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటాన్ని ఇక్కడి కుటుంబాలు తప్పుగా చూడవు.

2018 రాష్ట్రపతి ఉత్తర్వు జిల్లా, జోనల్, బహుళ జోనల్ కేడర్లన్నిటిలో ప్రత్యక్ష నియామకాలకు 95 శాతం స్థానికులకు కేటాయించింది. అభ్యర్థి ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి స్థానికత తేలుతుంది. జహీరాబాద్‌కు దీని వల్ల రెండు చిక్కులున్నాయి. మొదటిది, సంగారెడ్డి జిల్లా చార్మినార్ జోన్‌లో ఉంది. జిల్లా కేడర్ పోస్టులకు పోటీ జిల్లా పిల్లలతోనే, కాని జోనల్ పోస్టుకు వెళ్లేసరికి హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్–మల్కాజిగిరి, వికారాబాద్ జిల్లాల వాళ్లంతా స్థానికులే. రాజధానిలో బడి చదువు, కోచింగ్ రెండూ అందిన అభ్యర్థితో న్యాల్‌కల్ మండలపు అభ్యర్థి ఒకే వరుసలో నిలబడాలి. రెండోది సరిహద్దుది. ఇంటి దగ్గర్లో ఉందని బీదర్ వైపు బడిలో చిన్న తరగతులు చదివిన పిల్లవాడు తెలంగాణలో స్థానికేతరుడయ్యే ప్రమాదం ఉంది. అటు కర్ణాటకలో బీదర్‌తో సహా పాత హైదరాబాద్ కర్ణాటక ప్రాంతానికి 98వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371(జె) అధికరణం వేరే స్థానిక కోటా ఇస్తోంది. డెబ్బై ఏళ్ల కిందట ఒకే జిల్లాగా ఉన్న ఊళ్ల పిల్లలు ఈనాడు రెండు రాష్ట్రాల నిబంధనల కింద వేర్వేరు స్థానికులు.

నమ్మకాన్ని ఎక్కువగా కదిలించింది మాత్రం పరీక్షల నిర్వహణ. 2022 మార్చి 9న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు శాసనసభలో 80,039 పోస్టుల భర్తీని ప్రకటించారు. ఆ ఏప్రిల్‌లో 503 పోస్టులతో రాష్ట్రపు తొలి గ్రూప్–1 నోటిఫికేషన్ వెలువడింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమినరీ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే పక్కన పెట్టి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఒకే ఉద్యోగానికి మూడుసార్లు ప్రిలిమినరీ రాసినవారు రాష్ట్రంలో వేల మంది. మెయిన్స్ 2024 అక్టోబరులో జరిగాయి. ఆ ఫలితాల మీద వివాదం 2025లోనూ కోర్టుల్లో నడిచింది. గ్రూప్–4లో ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిది లక్షలకు మించి దరఖాస్తులు వచ్చాయి. ఉపాధ్యాయ పోస్టులకైతే 2017 తర్వాత మళ్లీ పెద్ద నియామకం 2024లోనే, 11,062 పోస్టులతో. మధ్యలో బీఈడీ చేసినవారు ఏడేళ్లు ప్రైవేటు బళ్లలో తక్కువ జీతానికి పాఠాలు చెప్పుకుంటూ గడిపారు.

ఈ వరుసను బయటి నుంచి చూసినవారికి విద్యార్థులు నమ్మకం కోల్పోవాలనిపిస్తుంది. జరిగింది పూర్తిగా అది కాదు. వ్యవస్థ మీద నమ్మకం తగ్గింది, తమ వంతు వస్తుందన్న ఆశ అంతగా తగ్గలేదు. “పేపర్ లీక్ కాకుంటే నాకు వచ్చేదే” అనుకోవడానికి రద్దయిన పరీక్ష వీలిస్తుంది. ఓటమి ఖరారైతే మనిషి వేరే దారి చూసుకుంటాడు. ఖరారు కాని ఓటమి మనిషిని అక్కడే నిలబెడుతుంది. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ అద్దె గదుల్లో ఉంటూ సర్కారు పరీక్షలకు చదివేవారిలో ఇలాంటి ఆశతో మూడో ఏడు, నాలుగో ఏడు గడిపేవారు తక్కువేమీ కాదు.

హైదరాబాద్ దారి

ఇంజినీరింగ్ చదివిన జహీరాబాద్ పిల్లలకు గచ్చిబౌలి, మాదాపూర్‌లే గమ్యం. దారిలో మజిలీ అమీర్‌పేట కోచింగ్ కేంద్రాలు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం చిన్న ఊళ్ల నుంచి ఇంజినీరింగ్‌కు వెళ్లడాన్ని మామూలు విషయం చేసింది. అంతకుముందు ఆ ఊహే రాని ఇళ్లలో “మా వాడు బీటెక్” అన్న మాట వినిపించింది. ఉద్యోగ విశ్వాసం ఒక తరంలోనే అమాంతం పెరగడానికి ఇంతకన్నా స్పష్టమైన కారణం తెలుగు నేల మీద మరొకటి చూపించలేం. అదే పథకం బకాయిలు పేరుకుపోవడంతో 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బంద్ పాటించాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని కళాశాల సర్టిఫికెట్లు ఆపితే, చేతిలో ఉద్యోగపు ఆఫర్ ఉన్నా చేరలేని స్థితి విద్యార్థిది.

సీట్లు పెరిగిన వేగానికి ఉద్యోగాలు పెరిగిన వేగం అన్ని ఏళ్లలోనూ తోడు రాలేదు. రాష్ట్రంలో బీటెక్ సీట్లు లక్ష దాటాయి. అందులో కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ శాఖలదే పెద్ద వాటా. తెలంగాణ ఐటీ రంగం 2022–23లో లక్షా 27 వేల కొత్త ఉద్యోగాలు చేర్చుకోగా, 2023–24లో ఆ సంఖ్య సుమారు 40 వేలకు పడిపోయింది. దేశంలో అతి పెద్ద ఐటీ సంస్థ టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య ఆ ఆర్థిక సంవత్సరంలో 13 వేలకు పైగా తగ్గింది. అమెరికా వెళ్లి ఎంఎస్ చేయాలన్న ఆలోచనకు 2025 సెప్టెంబరులో కొత్త హెచ్–1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులపై ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము మరో గండి కొట్టింది. రాత్‌వెల్ చెప్పిన నాలుగో వైపు, అంటే బయటి విపణి, జహీరాబాద్ కుర్రాడి మనసులోకి ఇంత దూరం నుంచి వచ్చి చేరుతుంది.

అయినా ఈ దారిలో ఉన్నవారి ధీమా మామూలు డిగ్రీవారి కన్నా మెరుగు. కంపెనీ పరీక్ష ఫలితం వారాల్లో తేలుతుంది. ఒకటి పోతే మరోదానికి వెళ్లవచ్చు. సర్కారు పరీక్షలో లేనిది, ఇక్కడ ఉన్నది ఆ వెంటనే తెలిసే జవాబే.

ఆడపిల్లలు, భాష

సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ 2016–17లో ఆడపిల్లల కోసం రాష్ట్రంలో 30 గురుకుల డిగ్రీ కళాశాలలు ప్రారంభించింది. వాటిలో ఒకటి జహీరాబాద్‌కు హైదరాబాద్ వైపు ఉన్న బుధేరాలో ఉంది. వసతి, భోజనం, చదువు ఒకేచోట దొరకడం వల్ల ఇంటర్‌తో ఆగిపోయే దళిత బాలికల చదువు మూడేళ్లు ముందుకు సాగింది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. సంగారెడ్డిలో కంప్యూటర్ కోర్సుకో పటాన్‌చెరులో ఉద్యోగానికో రోజూ వెళ్లి రావడానికి ఇంటివారిని ఒప్పించడంలో బస్సు ఛార్జీ అడ్డు తొలగింది. బీదర్ వైపు వెళితే ఆ ఉచితం రాష్ట్ర సరిహద్దు దాకానే.

ఆడపిల్లల విషయంలో ‘కొలువు దొరుకుతుందా’ అన్న ప్రశ్నతో పాటు ‘పంపిస్తారా’ అన్న ప్రశ్న కూడా ఉంటుంది. రాత్రి షిఫ్టు, హాస్టల్, పెళ్లి సంబంధం ఈ మూడు మాటలు రాకుండా ఏ ఇంట్లోనూ ఆ చర్చ ముగియదు. సొంత ఊరి బడిలో టీచరమ్మ ఉద్యోగం ఆ మూడింటికీ ఒకేసారి జవాబు చెబుతుంది. బీఈడీ మీద ఆడపిల్లలకు ఉండే మక్కువకు ఇదే పెద్ద కారణం. ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ ఆలస్యమైనప్పుడు ఎక్కువ నష్టపోయేదీ వీళ్లే.

భాషది మరో లెక్క. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి ఉపాధ్యాయ పోస్టులు ప్రత్యేకంగా ఉన్నా, రిజర్వేషన్ వర్గాల కోటాలో అర్హులు దొరక్క కొన్ని పోస్టులు మిగిలిపోవడం తరచూ వినిపించే ఫిర్యాదు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నత చదువుకు దారి చూపుతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికైనా, ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికైనా ఇంగ్లీషులో జరిగే ఇంటర్వ్యూ అంటే జంకు ఒకటే. సబ్జెక్టు వచ్చి కూడా నోరు పెగలనివారిని పనికిరానివారిగా లెక్కగట్టడం నియామకాల్లో ఉన్న పెద్ద అన్యాయం. నాలుగు భాషల బజారులో పెరిగిన పిల్లలను భాష రానివారని తిప్పి పంపడం అంతకన్నా వింత.

సొంత పని

1983లో పనిచేయడం మొదలుపెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళా సంఘాలతో చిరుధాన్యాల సాగును నిలబెట్టింది. ఆ సంఘాల ఆధ్వర్యంలో మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియో దేశంలో తొలి గ్రామీణ సామాజిక రేడియోల్లో ఒకటి. జహీరాబాద్ పేరును దేశానికి తెలిపిన ఈ ప్రయోగాన్ని నడిపినవారిలో ఎక్కువమంది బడి ముఖం చూడనివారు. కాని వ్యవసాయాన్ని, దాని చుట్టూ అల్లుకునే వ్యాపారాన్ని కొలువుగా ఎంచే ధైర్యం పట్టభద్రుల్లో తక్కువ. ప్రభుత్వ సాయం కోసం మాత్రం యువత ఎగబడింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన రాజీవ్ యువ వికాసం స్వయం ఉపాధి పథకం లక్ష్యం ఐదు లక్షల మంది యువత. దరఖాస్తులు పదహారు లక్షలు దాటాయి. జూన్ 2న జరగాల్సిన మంజూరు పత్రాల పంపిణీ వాయిదా పడింది.

చదువు పెరిగేకొద్దీ నిరుద్యోగం

అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదిక ప్రకారం 2022లో చదవడం, రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం కాగా, పట్టభద్రులలో 29.1 శాతం. కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వేలో 2023–24లో 15–29 ఏళ్లవారి నిరుద్యోగం దేశంలో 10.2 శాతం, తెలంగాణలో 16.6 శాతం. మొదటి జత అంకెలను చూసి చదువే దండగ అనడం తప్పు. చదువుకోనివాడు పని లేకుండా ఒక నెల కూడా గడపలేడు, ఏ పని దొరికితే అది చేస్తాడు. పట్టభద్రుడు ఎదురుచూడగలడు, ఎదురుచూడాలని ఇంటివారూ కోరుకుంటారు. భూగోళ శాస్త్రవేత్త క్రేగ్ జెఫ్రీ 2010లో మీరట్ యువకుల మీద రాసిన ‘టైంపాస్’ పుస్తకం ఈ ఎదురుచూపును ఒక సామాజిక స్థితిగా వర్ణించింది. పట్టా మీద పట్టా చేర్చుకుంటూ నిరుద్యోగాన్ని చదువు పేరుతో కప్పుకోవడం అందులో భాగం.

జహీరాబాద్ పట్టభద్రుడి ధీమాను ఈ వెలుగులో చూస్తే అది రెండు ప్రశ్నలుగా విడిపోతుంది. ఏదో ఒక పని దొరుకుతుందా అంటే, కర్మాగారాలు, రహదారి, రాజధాని అందుబాటులో ఉన్న ఈ ప్రాంతంలో అవుననే చెప్పాలి. చదివిన చదువుకు తగిన, ఇంటివారు గౌరవంగా చెప్పుకోగల కొలువు దొరుకుతుందా అంటే జవాబులో తడబాటు మొదలవుతుంది. సర్వేలు ఈ రెండింటినీ ఒకే ప్రశ్నగా అడిగినప్పుడు వచ్చే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

అప్రెంటిస్‌షిప్, శిక్షణ

ధీమాను వాస్తవానికి దగ్గర చేసేది పనిని కళ్లారా చూడటం. ఇంజినీరింగ్ కళాశాలల్లో ఇంటర్న్‌షిప్ ఆ పని చేస్తోంది. మామూలు డిగ్రీలో అలాంటిది చాలాకాలం లేదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ‘టాస్క్’ 2014 నుంచి కళాశాలల్లో నైపుణ్య శిక్షణ ఇస్తోంది. 2024లో రాష్ట్రంలోని 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ సహకారంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. అదే ఏడాది యంగ్ ఇండియా నైపుణ్య విశ్వవిద్యాలయం చట్టం అయ్యింది. దాని పాలకమండలి అధ్యక్షుడిగా నియమితుడైన ఆనంద్ మహీంద్రా, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారుచేసే సంస్థకు కూడా ఛైర్మన్. 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 21–24 ఏళ్లవారికి పెద్ద కంపెనీల్లో నెలకు ఐదు వేల రూపాయల భృతితో ఏడాది అవకాశం ఇచ్చేలా రూపొందింది.

ఇవన్నీ కొత్త పథకాలు. పాత చట్టమే ఇంకా పూర్తిగా వాడలేదు. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ముప్పై మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా, కాంట్రాక్టు సిబ్బందితో కలిపి తన ఉద్యోగుల్లో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. వారిలో ఐటీఐవారే ఉండాలన్న షరతు లేదు. బీఏ, బీకాం, బీఎస్సీ పట్టభద్రులను కార్యాలయం, లెక్కలు, గిడ్డంగి, నాణ్యత పరీక్ష విభాగాల్లో చేర్చుకోవచ్చు. ఆ నిబంధనలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల భృతి నిర్ణయించాయి. జహీరాబాద్ నుంచి రామచంద్రాపురం దాకా ఉన్న కర్మాగారాల్లో అత్యధికం ఈ నిబంధన పరిధిలోకి వచ్చేవే.